కోసపాళయం గుంతలో రోము కూజా

పుదుచ్చేరి వెళ్లొస్తానంటే మా వీధిలో అందరూ ఒకే రకంగా నవ్వారు. నెల్లూరు మగవాడు ఒంటరిగా చవక మందు దొరికే ఆ ఊరికి బయల్దేరితే దేనికని ఎవరూ అడగరు. నేను పెంకుల కోసం వెళుతున్నానని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నా భార్య రాజేశ్వరి మాత్రం నమ్మింది. మా మంచం కింద మిఠాయి డబ్బాల్లో మిఠాయి ఏనాడూ లేదని, ఉన్నవన్నీ పాత కుండ పెంకులేనని ఆమెకు తెలుసు.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పెన్నా ఒడ్డున బస్సు ఎప్పుడు ఆగినా దిగి, పాత పెంకు కనిపిస్తే జేబులో వేసుకోవడం నా జబ్బు. టికెట్టు చిల్లర కోసం చెయ్యి పెడితే పెంకు చేతికొచ్చి ప్రయాణికుల చేత మాటలు పడ్డ రోజులు చాలా ఉన్నాయి. తవ్వకాల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. సర్వీసులో ఉండగా చూడడానికి కుదరని చోటు ఒకటి మిగిలిపోయింది. అది పుదుచ్చేరి పక్కన ఉన్న అరికమేడు. రెండు వేల ఏళ్ల కిందట రోము సరుకు దిగిన రేవు. చచ్చేలోగా నా చేత్తో ఒక్క రోము కుండనైనా కనిపెట్టాలని కోరిక.

రాజేశ్వరి మోకాళ్ల నొప్పి వల్ల రానంది. "కోసపాళయంలో మా పిన్ని ఉంది, ఆ ఇంట్లో దిగు. పెళ్లయ్యాక నువ్వు వాళ్ల గడప తొక్కిందే లేదు. అల్లుడివి, కాస్త మర్యాదగా ఉండు," అంది. మర్యాద నేను చేయాల్సింది కాదనీ నాకు జరగాల్సిందనీ అనుకుని సంచి సర్దుకున్నాను.

సంచిలో రెండు జతల బట్టలు, భూతద్దం, నా స్టీలు గ్లాసు. ఆ గ్లాసు లేకుండా నేను ఊరు దాటను. మన ఇళ్లల్లో స్టీలు సామాను మీద పేర్లు చెక్కించడం మామూలే కదా. దీని మీద 'పి. సుబ్బరత్నమ్మ' అని ఉంది. మా పెళ్లిలో ఎవరో చదివించారు. ఆ సుబ్బరత్నమ్మ ఎవరో నాకూ తెలియదు, రాజేశ్వరికీ తెలియదు. సర్వీసంతా డిపోల్లో టీ మాత్రం ఆవిడ గ్లాసుతోనే తాగాను.

కమోడు పక్కన కాపీ

బస్సు ప్రయాణం గురించి చెప్పను. దారి పొడవునా ఆ కండక్టరు ఈల వేసే పద్ధతి నాకు నచ్చలేదని, ఆ సంగతి అతనికి చెబితే నేను చెప్పడం అతనికి నచ్చలేదని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

కోసపాళయం పాత పేట. ఇళ్లు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. సముద్రం వైపు ఫ్రెంచివాళ్ల నాటి పసుపు గోడల వీధుల్లో జనం గోడలకు ఆనుకుని ఫొటోలు దిగుతుంటే, ఇక్కడ గోడలకు సైకిళ్లు ఆనించి ఉంటాయి. అక్కడ ఒక కాఫీకి అడిగేదాంతో ఇక్కడ మనిషి కడుపునిండా చేపల కూరతో భోంచేసి తాంబూలం కూడా వేసుకోవచ్చు.

రాజేశ్వరి పిన్ని పేరు నాగమ్మ. ఎనభై దాటినా నిటారుగా ఉంది. కొడుకు వరదరాజులు కరెంటు ఆఫీసులో ఉద్యోగం, వచ్చే ఏడు రిటైరవుతాడు. అతని భార్య కమల. తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నా ఇంట్లో తెలుగే. నన్ను హాల్లో కూర్చోబెట్టారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వాటి పక్కనే ప్లాస్టిక్ కాగితం చుట్టిన తెల్లటి కమోడు, దాని మీద ఆ రోజు పేపరు. కమల నా కాపీ కూడా దాని మీదే పెట్టింది.

నా గ్లాసు తీసి అందులో పోసుకుంటుంటే వరదరాజులు తొంగి చూశాడు. "ఏం రాసుండాది బావా దాని మీద? మాకు మాట్టాడేదానికి తెలుగు వస్తాది గానీ చదివేదానికి రాదు."

"సుబ్బరత్నమ్మ అని ఉంది."

"మా అక్క పేరు రాజేశ్వరి గదా," అన్నాడు అనుమానంగా.

ఆ అనుమానం తీర్చేసరికి కాపీ చల్లారింది. అప్పుడు కమోడు సంగతి అడిగాను. వాళ్ల కూతురు దివ్యకు ఏడో నెల నిండింది. శుక్రవారం వళైకాప్పు. మన సీమంతం లాంటిదే, గాజులు తొడిగే పండగ. అది కాగానే పురిటికి పుట్టింట్లో ఉండిపోవాలి. కానీ ఇంట్లో ఉన్నది గొంతుక్కూర్చునే పాత దొడ్డి. డాక్టరమ్మ వద్దంది.

"శుక్రవారానికి బాత్రూము కాకుంటే దాన్ని వాళ్లత్త ఎనక్కి పిలుచుకోని పోతాది," అంది కమల. "వాళ్లింట్లో మూడుండాయంట. పోయిన వారమే చెప్పి పంపించింది."

వెనక వరండా గదిని అప్పటికే బాత్రూముగా మార్చి టైల్సు వేసేశారు. మిగిలింది సెప్టిక్ తొట్టి గుంత ఒక్కటే. మేస్త్రీ మర్నాడు తవ్వకం మొదలు పెడతాడు. ఆ మాట వినగానే నాగమ్మత్త లోపలి నుంచి వచ్చింది.

"ఆడ వద్దురా అని చెప్తానే ఉండా. అది ఈశాన్యం."

"అది నైరుతి అమ్మా."

"ఆడ మల్లెచెట్టు ఉండాది."

"పోయిన వానల్లోనే చచ్చిపాయె గదా అది."

"చచ్చినా చెట్టే," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. వరదరాజులు నావైపు తిరిగి, రోజుకొక సాకు చెబుతోందనీ తను వాస్తు పట్టించుకునే మనిషి కాదనీ చెప్పాడు. పెద్దవాళ్లకు మార్పు నచ్చదులే అని నేను కూడా తల ఊపాను. నాకూ అరవై దాటాయన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మామిడితోటలో ఏమీ లేదు

మర్నాడు పొద్దున్నే అరికమేడు వెళ్లాను. ఏటి ఒడ్డున మామిడితోట, ఒక పాత ఇటుక గోడ, ముట్టుకోవద్దని బోర్డు. రోము లేదు. ఒక మేక ఉంది. నేను వంగిన ప్రతిసారీ కాపలా మనిషి దగ్గాడు. చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగినా దగ్గాడు. ఇక్కడ తవ్వింది తవ్వి, గుంతలు మళ్లీ పూడ్చేసి, దొరికినవి తీసుకెళ్లారని అతనే చెప్పాడు. "పూడ్చడమెందుకు?" అంటే, "తవ్వడమెందుకు?" అన్నాడు. నా దగ్గర సమాధానం ఉంది గానీ అతను మేక వెంట పడ్డాడు.

సాయంత్రం మ్యూజియంలో అసలు కూజా చూశాను. కింద మొన తేలి, రెండు చెవులతో ఉంది. రోము నుంచి ద్రాక్ష సారాయి దాంట్లోనే వచ్చేదట. రెండు వేల ఏళ్లయినా ఈ ఊరు వ్యాపారం మార్చుకోలేదు. మా వీధి వాళ్ల నవ్వు గుర్తొచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి ఆ కూజా అంచు మందం, ఎరుపు రంగు కళ్లల్లో పెట్టుకున్నాను. ఆ చూపే నా కొంప ముంచింది.

రాత్రి భోజనంలో వంజరం చేపల పులుసు. మా నెల్లూరు పులుసులో మామిడికాయ వేస్తాం, వీళ్లు వేయరు. ఆ లోటు చెప్పాలనిపించినా అల్లుణ్ణి కనక ఊరుకున్నాను. పులుసులో నంజుకోవడానికి వీధి చివర బేకరీ నుంచి మూరెడు గట్టి రొట్టె తెచ్చారు. అది కొరికితే నా కట్టుడు పన్ను కదిలింది.

అంచు

ఆ మర్నాటికి మేస్త్రీ నడుం లోతు తవ్వాడు. నేను పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళ్లి గుంతలోకి చూశాను. గోడలో, అర్ధచంద్రంలా, ఎర్రటి మట్టి అంచు. మందం అదే, రంగు అదే.

"ఆపు," అన్నాను. నోట్లో నురగ వల్ల ఆ మాట సరిగా రాలేదు. అందుకని గుంతలోకి దిగాను.

తవ్వకమంటే దొరికిన దాన్ని పీకెయ్యడం కాదు. ఏ పొరలో ఉందో, పక్కన ఏముందో, కింద ఏముందో చూసి రాసుకున్నాకే ముట్టుకోవాలి. పీకేశాక అది ఉత్త కుండ అయిపోతుంది. ఈ సంగతంతా మేస్త్రీకి వివరంగా చెప్పాను. అతను తమిళుడు. నా మాటల్లో అతనికి తెలిసినవి 'కుండ', 'ఆపు'. ఆ రెండూ చాలు కదా. అతను గునపం పక్కన పెట్టి బీడీ వెలిగించాడు.

వరదరాజులు పరుగెత్తుకొచ్చాడు. నేను గుంతలో నిలబడే అతనికి అరికమేడు, ఓడలు, సారాయి అన్నీ చెప్పాను.

"శుక్రవారం బావా," అన్నాడు అతను నీరసంగా.

"రెండు వేల ఏళ్లు ఆగింది వరదా. నువ్వు రెండు రోజులు ఆగలేవా?"

అల్లుడి మాట

మా వైపు అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే ఏం చెప్పినా సరేనంటారు. ఉప్పు లేకపోయినా బావుందని అల్లుడంటే బావున్నట్టే. ఆ మర్యాద పుదుచ్చేరి దాకా వ్యాపించి ఉందని నాకు తెలియదు. కమల ముఖం వాడిపోయింది గానీ నోరు విప్పలేదు. వరదరాజులు నోరు తెరిచి మూశాడు. అంతలో నాగమ్మత్త గడపలోకి వచ్చి నిలబడింది.

"అల్లుడు చెప్పినాక ఇంగ కాదంటామా? పని ఆపు," అంది కొడుకుతో. తర్వాత గుంత దగ్గరికి వచ్చి అంచు వైపు చూసి, నా వైపు చూసింది. "రోమోళ్లదే అంటావా నాయనా?"

"అనుమానమే లేదత్తా."

"నిజమే అయ్యుంటాది. మా అత్త చెప్పేది, రోమోళ్లు ఈ పక్కనే కాపురముండిరని. కుండలన్నీ పాతిపెట్టి పూడ్సినారంట. తవ్వితే కండ్లు పోతాయంట."

ఇలాంటివాటిని నోటి మాటగా వచ్చే చరిత్ర అంటారు. పుస్తకాల్లో చదివాను. నాకే స్వయంగా దొరుకుతుందని అనుకోలేదు. "వాళ్లు ఎలా ఉండేవాళ్లని చెప్పేది?" అని అడిగాను.

"ఎర్రంగా," అంది నాగమ్మత్త.

మధ్యాహ్నానికి మేస్త్రీ సామాను సర్దుకుని రెడ్డియార్‌పాళయంలో ఇంకో పనికి వెళ్లిపోయాడు. నేను కమల బట్టలారేసే తాడు విప్పి గుంతకు నాలుగు వైపులా కట్టాను. మట్టి దులపడానికి నా పళ్ల బ్రష్షు వాడాను. అది అరిగిపోతే స్నానాల గది అరలో మెత్తటి బ్రష్షు ఒకటి కనిపించింది. మర్నాడు వరదరాజులు గడ్డానికి మట్టి అంటుకుంటే గానీ అది దేనిదో తెలియలేదు. అల్లుణ్ణి కనక దానికీ ఏమీ అనలేదు.

సాయంత్రానికి వార్త పాకింది. నిధి అన్నారు కొందరు. అమ్మవారన్నారు ఇంకొందరు. నేను టీకి వెళ్లొచ్చేసరికి అంచుకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి ఉంది. నలుగురు ఆడవాళ్లు దండం పెడుతున్నారు. వాళ్లను నడిపిస్తున్నది నాగమ్మత్త. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

ఆ రాత్రి కమల ఫోనులో మాట్లాడడం వినబడింది. అవతల దివ్య అత్తగారు. "అయిపోతాది వదినా. కొంచెం రోమ్ వల్ల లేటయింది," అని కమల అంటోంది. ఆ గొంతు వింటే నాకు మొదటిసారి కాస్త ఇబ్బందిగా అనిపించింది. అయినా కూజా కూజానే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఒర్లియంపేట నుంచి మాలతి

పొద్దున్నే కమల తెలివైన పని చేసింది. ఒర్లియంపేటలో ఉన్న తన చిన్నమ్మ కూతురు మాలతిని పిలిపించింది. మాలతి తవ్వకాల బృందంలో పనిచేస్తుంది. తవ్వకం లేని రోజుల్లో ఇళ్లకు తిరిగి పెద్దవాళ్లను వంటల గురించి, పురుళ్ల గురించి, చావుల గురించి అడిగి రాసుకుంటుంది. నలభై ఏళ్లుంటాయి. టోపీ పెట్టుకుని వచ్చింది. నేను కట్టిన తాడు చూసి నవ్వు ఆపుకుంది.

"తాడు బాగా కట్టినారన్నా. మూలలు కూడా సరిగ్గా ఉండాయి," అంది. నాకు ఆమె వెంటనే నచ్చింది.

ఒక చిన్న తాపీతో గుంత గోడను నున్నగా గీసింది. నాకు ఒకటే రంగుగా కనిపించిన మట్టి పొరలు పొరలుగా విడిపోయింది. పైన సిమెంటు, దాని కింద పెంకుటింటి పెంకులు, ఇటుక పొడి, కింద చేపల ముళ్లు కలిసిన నల్లమట్టి. ఆ నల్లమట్టిని కోసుకుంటూ పైనుంచి సన్నటి గోతి ఒకటి దిగింది. ఆ గోతి అడుగున కుండ. ఎవరో కావాలని తవ్వి, నిలువుగా పెట్టి, మూత పెట్టి, అదే మట్టితో పూడ్చారు. అంతా గోడ మీద గీసి చూపించింది. సినిమా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూశాను.

"ఇప్పుడు కుండ కింద ఏముండాదో చూద్దాం. కిందుండేది ముందు పడినట్టు, అవునా?"

"అవును," అన్నాను గర్వంగా. అది నాకు తెలుసు.

కుండ అడుగు కింద తాపీ మొన పెట్టి చిన్న ముక్క ఒకటి బయటికి లాగి నా అరచేతిలో పెట్టింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ దువ్వెన ముక్క. నాలుగు పళ్లున్నాయి.

"రోమోళ్లు దీంతో తల దువ్వుకుంటా ఉండిరా అన్నా?" అని అడిగింది. ఎగతాళిగా అడగలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

నేను గుంత గట్టున కూలబడ్డాను. మంచం కింద మిఠాయి డబ్బాలన్నీ కళ్ల ముందు మెదిలాయి. వాటిలో ఎన్ని ఈ దువ్వెన వయసువో దేవుడికే తెలియాలి. మాలతి నా పక్కన కూర్చుంది. గట్టు మీదున్న నా గ్లాసు తీసి తిప్పి చూసింది. ఉద్యోగం కోసం తెలుగు చదవడం నేర్చుకుందట.

"ఇదే గుంతలో దొరికుంటే నేనేం రాస్తును? ఈడ పి. సుబ్బరత్నమ్మ అని ఒకామె ఉండె, నీళ్లు బాగా తాగతా ఉండె అని. అంతా తప్పే గదా. ఎవురన్నా ఈమె?"

"తెలియదమ్మా."

"ఎవురినీ అడగలేదా?"

"గ్లాసు గురించి ఎవరు అడుగుతారు?"

"వస్తువు దొరికితే సగమే దొరికినట్టన్నా. మిగతా సగం మనిషిని అడగాల." అంటూ లేచి కుండ మూత మీద చెయ్యి వేసింది.

"మూత తియ్యబాకు మాలతీ," అంది వెనక నుంచి నాగమ్మత్త. ఆ గొంతు రోమువాళ్ల కథలు చెప్పిన గొంతు కాదు. "మొగోళ్లను బయటికి పంపీ."

ఆడవాళ్ల సంగతి

నేనూ వరదరాజులూ టీ కొట్టు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండేసి టీలు తాగాం. నేను దువ్వెన ముక్క జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. తిరిగి వచ్చేసరికి నాగమ్మత్త హాల్లో కమోడు మీద కూర్చుని ఉంది. కుర్చీల మీద ఉతికిన బట్టలున్నాయి మరి. పక్కన మాలతి నిలబడింది.

"చెప్పకుంటే వరదరాజులు బావ మళ్లా ఆడనే తవ్విస్తాడు అత్తా," అంటోంది మాలతి.

నాగమ్మత్త కొంగు సరిచేసుకుంది. కొడుకు వైపు చూడకుండా గోడతో చెప్పింది.

"అది రోముదీ కాదు, సోముదీ కాదు. వీడిది. వీణ్ణి ఈ ఇంట్లోనే కంటి. బిడ్డ ఎనక పడిన మావిని ఆ కుండలో పెట్టి, పసుపు, వక్క, ఒక పైసా ఏసి మంత్రసాని పూడ్సె. ఆ తావు కన్నతల్లికి, మంత్రసానికి తప్ప ఎవురికీ తెలియకూడదు. మొగోళ్లకు అసలే చెప్పకూడదు. బిడ్డ ఆయుస్సు దాంట్లో ఉండాది. దాని మింద పోయి వీడు ఆ తొట్టి కడతానంటాడు. నేనేం చెప్పేది? ఈశాన్యమని చెప్పినా. మల్లెచెట్టని చెప్పినా. ఇన్నాడా?"

నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది.

"మరి మీ అత్త చెప్పిన రోమువాళ్లు?"

"నువ్వు అంత ఆశపడతా ఉంటే లేదంటామా అల్లుడా?" అంది నాగమ్మత్త. "కొడుకు ఇనడు. అల్లుడు చెప్తే ఇంటాడు. దేవుడే నిన్ను పంపించినాడనుకుంటి."

అంటే ఈ రెండు రోజులూ తొట్టి కింద పడకుండా నేను కాపాడింది నా బామ్మర్ది మావిని. నా పళ్ల బ్రష్షుతో తోమింది దాన్నే. కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. మాలతి కూడా నవ్వింది. వరదరాజులు ఒక్కడే నవ్వలేదు. పెరట్లోకి వెళ్లి గుంత అంచున నిలబడ్డాడు. వాస్తు నమ్మని మనిషి, కరెంటు ఆఫీసు మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. చాలాసేపు అలాగే చూశాడు.

"నా పేరున ఒక పైసానేనా అమ్మా ఏసింది?" అని అడిగాడు చివరికి.

"అప్పుడు మీ నాయన దగ్గర ఉండింది అంతే," అంది నాగమ్మత్త. ఆమె కళ్లల్లో నీళ్లు నేను చూశాను. ఏడుస్తూనే నవ్వింది.

కొత్త గుంత వీధి వైపు, మెట్ల కింద తవ్వాలని తేలింది. మేస్త్రీని బతిమాలి తెచ్చే పని నాకు పడింది. ఆ శిక్ష న్యాయమే. రెడ్డియార్‌పాళయం బస్సులో నిలబడి వెళ్లాను. మేస్త్రీ సగం కట్టిన గోడ మీద నుంచి నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు. ఇంకో కుండ కనిపిస్తే ఏం చేస్తావని సైగలతో అడిగాడు. నేను రెండు కళ్లూ మూసుకుని చూపించాను. ఆ రోజే గుంతలో దింపే సిమెంటు ఒరలు వ్యానులో వేసుకుని వచ్చాడు. నన్ను మట్టి మోయడానికి పెట్టుకున్నాడు.

పాత గుంత పూడ్చే ముందు మాలతి కుండను కదిలించకుండా చుట్టూ మట్టి సర్ది, గుంత అడుగున ఒక కొత్త రూపాయి బిళ్ల పెట్టింది. అదెందుకని నాగమ్మత్త అడిగింది.

"మేం తవ్విన గుంత పూడ్చేటప్పుడు ఈ కాలందొకటి ఏస్తాం అత్తా. రేపు ఎవురన్నా తవ్వితే, ముందే ఒకరు తవ్వినారని తెలియాల గదా."

"మేమూ ఏస్తిమి గదా. భూమమ్మ దేన్నీ సుమ్మా, ఉత్తినే పెట్టుకోదు," అంది నాగమ్మత్త. చదువుకున్న పిల్లలు తమ పద్ధతే పాటిస్తున్నందుకు తృప్తిపడింది.

నాకూ ఏదైనా వెయ్యాలనిపించింది. నేనెవరి కుండనూ కనిపెట్టలేకపోయాను. కనీసం నన్నెవరైనా కనిపెట్టనీ అనుకుని నా స్టీలు గ్లాసు రూపాయి పక్కన పెట్టాను.

"సుబ్బరత్నమ్మ పేరుతోనా అన్నా?" అంది మాలతి.

"ఎవరి పేరైతే ఏమమ్మా," అన్నాను పెద్ద మనసుతో. మేస్త్రీ నా మనసు మారకముందే తట్టెడు మట్టి పోశాడు.

వళైకాప్పు

శుక్రవారం ఇల్లు మల్లెపూలతో, గాజుల చప్పుడుతో నిండిపోయింది. దివ్య మోచేతుల దాకా గాజులతో కూర్చుంది. పులిహోర, కొబ్బరన్నం, నిమ్మకాయన్నం, పెరుగన్నం వరసగా పెట్టారు. మనం చలిమిడి పెట్టే చోట వీళ్లు రకరకాల అన్నాలు పెడతారు. నాకు అన్నాలే నచ్చాయి.

దివ్య అత్తగారు గాజులు తొడిగి, అక్షింతలు వేసి, నేరుగా వెనక వరండాలోకి నడిచింది. ఇల్లంతా మాటలు ఆగిపోయాయి. లోపల నీళ్ల చప్పుడు వినబడింది. ఆమె బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, "బాగుంది, పిల్ల ఉండనీ," అంది. కమల తలుపు చాటుకెళ్లి కళ్లొత్తుకుంది. వరదరాజులు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. గడ్డం నున్నగా ఉంది, కొత్త బ్రష్షు కొన్నట్టున్నాడు.

తిరిగొచ్చాక

ఇంటికి రాగానే రాజేశ్వరి గ్లాసు ఏదని అడిగింది. మొత్తం కథ చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, "మరి నీది ఎక్కడ పూడ్చారు?" అంది.

అరవై ఏళ్లు దాటినా నాకెప్పుడూ రాని ప్రశ్న అది. మా అమ్మ లేదు. కావలిలో ఉన్న మా అక్కకు ఫోను చేశాను.

"పొద్దున్నే ఏం మాటలురా ఇవి?" అంది అక్క. "అది అమ్మకీ, మంత్రసానికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరూ పోయారు."

"మంత్రసాని ఎవరు?"

"సుబ్బరత్నమ్మ. నీ పెళ్లికి కూడా వచ్చింది కదరా. తను పట్టుకున్న బిడ్డ పెళ్లికొడుకయ్యాడని ఎంత మురిసిపోయిందో. పేరు చెక్కించి మరీ గ్లాసు తెచ్చి నీ చేతిలో పెట్టి తల నిమిరింది. నువ్వు ఫొటోగ్రాఫరు వైపు చూస్తున్నావు."

సర్వీసంతా నా పెదవులకు తగిలిన గ్లాసు అది. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వెంటనే కోసపాళయానికి ఫోను చేసి నాగమ్మత్తకు సంగతంతా చెప్పాను. గుంత మళ్లీ తవ్వి గ్లాసు తీసుకోవచ్చా అని అడిగాను.

"పూడ్సింది తియ్యకూడదు నాయనా," అంది. "నిన్ను పట్టిన చెయ్యి ఇచ్చింది మా పెరట్లో ఉండాదంటే, నువ్వూ ఈ ఇంట్లో పుట్టినోడివే. ఉండనీ."

"అయితే ఇంక నేను అల్లుణ్ణి కాదా అత్తా?" అన్నాను.

"కాదు. ఈ ఇంటి బిడ్డవి," అంది నాగమ్మత్త. "ఇంగ నువ్వు చెప్పేది ఈడ ఎవురూ ఇనరు."